మూలన పసుపు

సిద్దిపేట,
12 సెప్టెంబరు 1986

దోస్తు ఖుతుబుద్దీన్‌కు,

నీ ఉత్తరం అందిన రోజే జవాబు రాస్తున్నాను. ఆలస్యం చేస్తే నువ్వు పనిచేసే బట్టల కొట్టు సేఠ్ మనసు మారుతుందని నా భయం. నువ్వు అడిగిన తెల్లబట్ట నాలుగు ముక్కలు మహమూద్‌తో పంపుతున్నాను. కుకునూరుపల్లి మహమూద్ గుర్తున్నాడుగా, మనతో ఎనిమిదిదాకా చదివి మేస్త్రీ పనిలోకి పోయినవాడు. వచ్చే వారం దుబాయ్ విమానం ఎక్కుతున్నాడు. వాడి పెట్టెలో అప్పటికే వాళ్లమ్మ పెట్టిన కారం, చింతపండు ఉన్నాయి. బట్టకు ఘాటు పడితే నన్ను అనకు.

అరబ్బులు పొడుగు అంగీ లోపల నడుముకు తెల్లబట్ట చుట్టుకుంటారని, దాన్ని వజార్ అంటారని రాశావు. అంటే మేము నడుములు విరగ్గొట్టుకుని నేసిన ధోతిని వాళ్లు అంగీ కింద దాచుకుంటారన్నమాట. మా అవ్వకు చెబితే ఒకటే నవ్వు. "కనబడకుంటె ఏమాయెరా, ఒంటికి తగిలేది గదే గద" అంది.

మా గల్లీ సంగతి నీకు తెలియంది కాదు. మిల్లు బట్ట వచ్చాక మా ధోతులు అడిగేవాళ్లు తగ్గిపోయారు. సగం ఇళ్లు పవర్లూములు నడపడానికి బొంబాయి పక్కన భీవండికి వెళ్లిపోయాయి. ఇప్పుడు మా తమ్ముడు దేవరాజు కూడా దసరా కాగానే పోతానంటున్నాడు. వాడు పోతే మా ఇంట్లో రెండో మగ్గం గుంట పూడ్చుకోవడమే. వాడితో పెద్ద గొడవ పడ్డాను. చివరికి ఒక మాట మీద ఆగాడు. "దుబాయ్‌ల మన బట్ట నిలబడ్డదనుకో, నేను యాడికీ పోను. నిలబడకుంటె మాత్రం నన్ను ఆపొద్దు" అన్నాడు. కాబట్టి ఈ నాలుగు ముక్కలను సేఠ్ చేతిలో పెట్టేటప్పుడు మా తమ్ముణ్ణి పెడుతున్నాననుకో.

నీ
లింగమూర్తి


దుబాయ్,
9 అక్టోబరు 1986

ప్రియమైన లింగమూర్తికి,

మొదట మంచి మాట. సేఠ్‌కు బట్ట నచ్చింది. వేళ్ల మధ్య నలిపాడు, నీళ్లలో ముంచి పిండాడు, దీపానికి అడ్డంగా పట్టి చూశాడు. ఆ తర్వాత నావైపు తిరిగి "మీ ఊరు మ్యాపులో ఎక్కడుంది?" అన్నాడు. హైదరాబాద్ పైన వేలు పెట్టి చూపించాను. మ్యాపులో మన ఊరి పేరు లేదు, ఆ జాగ మాత్రం ఉంది.

ఇక కోపం తెచ్చుకోకుండా చదువు. మన ధోతి వెడల్పు వీళ్లకు చాలదు. జానెడు పెరగాలి. మగ్గం మార్చుకోవాలని నాకు తెలుసు, అయినా తప్పదు. ప్రతి ముక్కా ఒకే కొలతలో ఉండాలి. మన దగ్గర నాలుగు వేళ్లు అటూ ఇటూ అయితే "పోనీలే" అంటారు. ఇక్కడ ఒక్క ముక్క పొట్టిగా ఉంటే మూట మొత్తాన్ని పక్కన పడేస్తారు. అంచుకు బొమ్మలు వద్దు. నీకు గొల్లభామను నేయాలని చేతులు దురద పెడతాయి, ఆపుకో. ఇవి కట్టుకుని వీళ్లు నమాజు చదువుతారు.

సరుకు బొంబాయి ఏజెంటు లైసెన్సు మీద ఓడ ఎక్కాలి. మనకు లైసెన్సు లేదు కనుక కాగితాల్లో అతని పేరే ఉంటుంది. రంజాన్‌కు ముందే అందరూ కొత్త బట్టలు కొంటారు. మార్చి నెలాఖరుకు సరుకు ఇక్కడ దిగకపోతే తర్వాత దిగినా లాభం లేదు.

దేవరాజుకు నా మాటగా చెప్పు, పెట్టె సర్దుకోవద్దని.

ఖుతుబుద్దీన్


సిద్దిపేట,
24 ఫిబ్రవరి 1987

ఖుతుబూ,

సరుకు బయల్దేరింది. ఈ వాక్యం రాయడానికి నాలుగు నెలలు పట్టింది.

మగ్గాలు మార్చడానికే నెల పోయింది. మా గల్లీ ముత్తయ్య తాత అయితే మొదటి వారం నన్ను తిట్టని రోజు లేదు. "డెబ్బయి ఏండ్లొచ్చినంక నా చెయ్యి ఇంకో జానెడు సాగాల్నా?" అని. వారం తర్వాత ఆయన నేసిందే అందరికన్నా సాఫుగా వచ్చింది, అప్పటినుంచి మాకు పాఠాలు చెబుతున్నాడు. కొలతకు ఒక వెదురు కర్ర కోసుకుని ఇంటింటికీ నేనే తిరిగాను. పొట్టిగా వచ్చిన ముక్కలను ఆ ఇంటివాళ్లకే వదిలేశాను. మా మేనత్త నాతో మాట్లాడటం మానేసింది. పరవాలేదు, వాళ్లాయనకు కొత్త ధోతి దక్కింది.

దేవరాజు ఎంత నేశాడనుకున్నావు? పండుగ పూట కూడా మగ్గం దిగలేదు. భీవండి మాట నోట్లోంచి రాలేదు.

కాగితాల పని మీద నేను హైదరాబాద్ పోయి వచ్చేసరికి గల్లీ అంతా పెళ్లిల్లులా ఉంది. మా అవ్వ కనకవ్వ, ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ప్రతి ముక్క మూలకూ పసుపు పెట్టించింది. ఒక్కటీ వదల్లేదు. మీ అమ్మ హుస్నాబీ చాచీ గాజుల దుకాణం మూసి వచ్చి, పసుపు పెట్టిన ముక్కలను బిస్మిల్లా అంటూ మడతలు వేసింది. "సముద్రం దాటి పోతున్నయి బిడ్డా. కొత్తబట్టను ఒట్టిగ పంపుతరా?" అంది అవ్వ. లారీ కదిలినప్పుడు మా గల్లీ వాళ్లు బస్టాండు దాకా వెంట నడిచారు. మా బట్ట పరదేశం పోతోందని దారిలో అడిగిన వాళ్లకూ చెప్పాం, అడగని వాళ్లకూ చెప్పాం.

రంజాన్ అయ్యాక నీకు సెలవు ఉందన్నావు. చాచీ అప్పుడే ఇంటికి సున్నం వేయిస్తోంది.

లింగమూర్తి


దుబాయ్,
14 ఏప్రిల్ 1987

లింగమూర్తికి,

ఎలా రాయాలో తెలియక నాలుగు రోజులు ఆగాను. సేఠ్ సరుకు తీసుకోవడం లేదు.

మూటలు నేను కస్టమ్స్ నుంచి విడిపించి తెచ్చాను. సేఠ్ కొట్టులో నలుగురు పెద్ద బేరగాళ్లను కూర్చోబెట్టి వాళ్ల ముందే మొదటి మూట విప్పించాడు. తెల్లబట్ట, మూలన పచ్చటి మరక. ఇంకో ముక్క తీస్తే దానికీ అంతే. "ఇది ఎవరో వాడిన బట్టా?" అన్నాడు ఒకాయన. నేను నోరు తెరిచేలోపు సేఠ్ ఒక కట్టను సబ్బు పెట్టి ఉతికించమని పక్కనే ఉన్న లాండ్రీకి పంపాడు. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో నీకు తెలుసు. పచ్చ మరకలు ఎర్రగా తిరిగి వచ్చాయి. ఇక ఎవరూ ముట్టుకోలేదు. రక్తపు మరకేమో అన్న అనుమానం పడ్డ బట్టతో నమాజుకు ఎవరు నిలబడతారు? నేను పసుపు అని, శుభం అని ఎంత చెప్పినా, సేఠ్ ఆ ముక్కను బేరగాళ్ల ముందే నా మొహం మీదికి విసిరేశాడు.

నువ్వు పసుపు సంగతి ముందే రాశావు. ఆ ఉత్తరం చదివి నేనూ మురిసిపోయాను. అవ్వ వేళ్లు కళ్లముందు కనబడ్డాయి. ఇన్నేళ్లు ఇక్కడ ఉండి కూడా, ఇది వీళ్లకు మరకలా కనబడుతుందని నాకు తట్టనేలేదు.

మూటలన్నీ గోదాంలో ఉన్నాయి. రంజాన్ రెండు వారాల్లో మొదలవుతుంది. సేఠ్ వాపసు పంపుతానంటున్నాడు. ఏదో ఒకటి చేస్తాను. అవ్వకు మాత్రం చెప్పకు.

ఖుతుబుద్దీన్


సిద్దిపేట,
28 ఏప్రిల్ 1987

ఖుతుబుద్దీన్‌కు,

నా తంతి అందిందనుకుంటాను. "సబ్బు వద్దు, నీళ్లలో తడిపి ఎండలో వేయి" అని. దుబాయ్‌కి బట్టలు ఉతికే సలహా తంతి కొడుతున్నానని పోస్టాఫీసులో నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూశారు.

అవ్వకు చెప్పొద్దన్నావు. నీ ఉత్తరాన్ని ఎప్పటిలాగే వాకిట్లో బయటికి చదవడం మొదలుపెట్టాను, నలుగురి ముందు. సగంలో ఆపితే ఊరుకుంటారా. ఆఖరుదాకా చదివించారు. అవ్వ "నేను చెడు చెయ్యలే. గాళ్లకు తెల్వకపోతె నేనేం చేస్త?" అని లోపలికి వెళ్లిపోయింది. అన్నం మాత్రం తినలేదు.

నీ మొహం మీద బట్ట విసిరారన్నది విని ముత్తయ్య తాత లేచి నిలబడ్డాడు. ఎవరి మీదికి లేచాడో ఆయనకే తెలియదు.

ఇంట్లో అందరూ బాగున్నారు. ఇంతకన్నా ఏం రాయాలో తోచడం లేదు.

లింగమూర్తి


దుబాయ్,
11 జూన్ 1987

దోస్తు లింగమూర్తికి,

ఈ ఉత్తరాన్ని వాకిట్లో గట్టిగా చదువు. అవ్వను ముందు వరసలో కూర్చోబెట్టు.

నీ తంతి వచ్చేసరికే మన బట్టలు డాబా మీద ఉన్నాయి. నేనూ మనూళ్లోనే పుట్టాను కదయ్యా. గోదాం తాళం కోసం సేఠ్‌ను రెండు రోజులు బతిమాలాను. శుక్రవారం సెలవు. మహమూద్ తన కూలీల క్యాంపు నుంచి కొండపాక వాళ్లను, సిరిసిల్ల వాళ్లను వెంటేసుకుని వచ్చాడు. మధ్యాహ్నం నమాజు వేళ తప్ప రోజంతా తడపడం, పరచడం, తిప్పడం. అందరికీ మహమూదే చింతపండు పులుసు వండిపెట్టాడు. ఇక్కడి ఎండను రోజూ తిట్టుకునేవాణ్ణి, ఆ వారం మాత్రం దానికి మొక్కాలనిపించింది. సబ్బు పోయేదాకా జాడిస్తే ఎర్రమరకలు మళ్లీ పచ్చబడ్డాయి, ఆ పచ్చ ఎండకు ఎగిరిపోయింది. రంజాన్ మొదటి వారంలో సేఠ్ ముందు పరిచాను. ఒక్కొక్కటీ తిరగేసి చూసి, కొట్టులో పెట్టించాడు. పండుగకు ముందే అన్నీ పోయాయి.

అసలు సంగతి ఇప్పుడు. ఒక మూటకు ఎండ చాలలేదు. మూలన లేత పసుపు మిగిలింది. దాన్ని పడవలవాళ్లకు తక్కువలో ఇచ్చేశాం. పండుగ అయ్యాక అబూ సాలెం అని ఒక ముసలి పడవాయన కొట్టుకు వచ్చాడు. "ఆ పసుపు మూల బట్ట ఇంకోటి ఇవ్వు" అన్నాడు. ఉప్పునీళ్లలో రోజూ తడిసినా పలచబడలేదట. పసుపు లేనిది చూపిస్తే, ఇది అది కాదంటాడు. రెండూ ఒకటేనంటే నమ్మడు. మర్నాడు తన చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చాడు.

సేఠ్ ఈసారి రెట్టింపు సరుకు అడుగుతున్నాడు. అయితే ఇంకో దేశం పేరున్న లేబుల్ అంటిస్తానంటున్నాడు, ఆ పేరు చెబితే ఇక్కడ ధర వస్తుందట. నా ఆలోచన విను. లేబుల్ కాగితమే కదా, అంటించుకోనీ, మొదటి ఉతుకులో పోతుంది. నువ్వు మాత్రం ప్రతి ముక్క మూలనా రంగు పోని పసుపు దారం నేయి. జనం దాన్నే చూసి అడుగుతారు.

నాకు ఈసారి సెలవు కుదిరేలా లేదు. పని ఎక్కువగా ఉంది. అమ్మీకి నువ్వే నచ్చజెప్పు.

ఖుతుబుద్దీన్


సిద్దిపేట,
5 జూలై 1987

ఖుతుబూ,

గట్టిగానే చదివాను. అబూ సాలెం పేరు ఇప్పుడు మా గల్లీలో చిన్నపిల్లలకు కూడా వచ్చు. అవ్వ మూడు రోజులుగా నడక మార్చింది, తల కొంచెం పైకెత్తి నడుస్తోంది. "నేను చెప్పలేదా" అన్న మాట మాత్రం అనడం లేదు. అనకుండా చూస్తోంది, అది ఇంకా కష్టంగా ఉంది.

లేబుల్ సంగతి చదివి ఉత్తరాన్ని నలిపి పారేశాను. మళ్లీ తెచ్చుకుని చదివాను. మా బట్టకు ఇంకో దేశం పేరేమిటి? మేము దొంగసరుకు నేస్తున్నామా? కానీ నీ మాటలో న్యాయం ఉంది. కాగితం వాళ్లది, బట్ట మనది. పసుపు దారం మొదలుపెట్టాం. ఉడికించి, సబ్బు పెట్టి, ఎండలో వేసి చూశాం. రంగు కదల్లేదు.

ఇక నిన్ను తిట్టాలి. వాళ్లమ్మకు ఒంట్లో బాగోలేదని మహమూద్ పది రోజుల సెలవు మీద వచ్చాడు. వాడు చెప్పాడు, సరుకు అమ్ముడుపోకపోతే మూడేళ్లకు ఒకసారి వచ్చే నీ సెలవు వదులుకుంటానని మొదటి రోజే సేఠ్‌కు మాట ఇచ్చావని. అమ్ముడుపోయినా, ఆలస్యం అయిందన్న వంకతో ఆయన దాన్ని కోసేశాడని. పని ఎక్కువట, పని. చాచీ వేయించిన సున్నం తెల్లగా మెరిసిపోతోంది, దాన్ని చూడటానికి నువ్వు లేవు. మా తమ్ముడి కోసం నీ సెలవును పందెం పెట్టమని నిన్ను ఎవరు అడిగారు? నాకు చాలా బాధగా ఉంది, గొప్పగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉంటాయని ఇప్పుడే తెలిసింది.

నేనూ ఒకటి దాచాను. పోయిన ఉత్తరంలో ఇంట్లో అందరూ బాగున్నారని రాశాను. అప్పటికి దేవరాజు ఇంట్లో లేడు. నీ ఏప్రిల్ ఉత్తరం విన్న మర్నాడే భీవండి వెళ్లిపోయాడు. "మాటంటె మాటనే అన్నా" అన్నాడు. ఆపొద్దన్నాడు కనుక ఆపలేదు. సరుకు నిలబడిందని ఇప్పుడు రాస్తే జవాబు వచ్చింది. అక్కడి సాహుకారుకు ఏడాది పని చేస్తానని ఒప్పుకున్నాడట. "ఒక్క పండుగ బేరం చూసి ఎగరకు, రెండో పండుగకు నిలబడితే చూద్దాం" అని రాశాడు. వాడి మగ్గం మీద దుమ్ము పడకుండా అవ్వ పాత చీర కప్పింది.

లింగమూర్తి


దుబాయ్,
17 జనవరి 1988

లింగమూర్తికి,

సెలవు సంగతి పట్టుబడ్డాను. వాదించను.

పసుపు దారం బట్ట ఇక్కడ దిగినప్పటినుంచి బాగానే అమ్ముడవుతోంది. ఇప్పుడు దాంతోనే పెద్ద తలనొప్పి వచ్చింది. మొన్న బజారులో నడుస్తుంటే ఒక కొట్టు ముందు మన బట్ట వేలాడుతోంది. మనం ఆ కొట్టుకు సరుకు ఇవ్వలేదు. దగ్గరికి పోయి చూశాను. అదే వెడల్పు, అదే తెలుపు, మూలన అదే పసుపు దారం. చేత్తో పట్టుకుంటే తెలిసింది. పవర్లూము బట్ట, గంజి దట్టంగా పట్టించి నిలబెట్టారు. ఎక్కడిదంటే "ఇండియా మాలు, సిద్దిపేట టైపు" అన్నాడు కొట్టువాడు. మ్యాపులో లేని ఊరి పేరు, బేరగాళ్లకు నేను చెప్పుకున్న పేరు, నాకే చెప్పాడయ్యా వాడు.

మన సేఠ్ రెండు బట్టలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. "చూడ్డానికి ఒకటే, ధర తక్కువ. వచ్చే రంజాన్‌కు ఇది తెప్పిస్తే తప్పేంటి?" అంటున్నాడు. నెల రోజుల్లో ఏదో ఒకటి తేల్చేస్తాడు. ఆయన అటు తిరిగితే మన గల్లీ మగ్గాలు ఆగుతాయి, దేవరాజు అన్నదే నిజమవుతుంది. దారం రంగు మారుద్దామా? ధర తగ్గిద్దామా? కొంచెం పలచగా నేస్తే తగ్గించగలమేమో, అడగడానికి నాకే నోరు రావడం లేదు. ఆలోచించి వెంటనే రాయి.

ఖుతుబుద్దీన్


సిద్దిపేట,
6 ఫిబ్రవరి 1988

దోస్తు ఖుతుబుద్దీన్‌కు,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. మొదటి మూడు రోజులు ధర తగ్గించే లెక్కలే వేశాను. పలచగా నేద్దామని ముత్తయ్య తాతను అడగబోయి, ఆయన మొహం చూసి వెనక్కి వచ్చాను. నాలుగో రోజు పొద్దున, నేను వాకిట్లో పళ్లు తోముకుంటుంటే, దేవరాజు సంచి భుజాన వేసుకుని గల్లీలోకి వచ్చాడు.

ఏడాది ఇంకా నిండలేదు కదా, ఏం జరిగిందని అడిగాను. సంచి దించలేదు. నిలబడే చెప్పాడు.

"సావుకారి ఒక ధోతి తెచ్చి మా ముందట పెట్టిండన్నా. దుబాయ్‌కి పోయేదంట. మూలకు పసుపు దారం. నీ అంచు నాకు తెల్వదా? చెయ్యి వెట్టంగనే తెలిసింది. గిట్లాంటిదే నెయ్యాలె అన్నడు. నేను లేసి, గిది మా అన్న నేసింది, గింత దట్టంగ పవర్లూము మీద రాదు అన్న. గాయన నవ్విండు. గిట్ల కనబడితె సాలు, గింత మంచిగ ఉండనక్కర లేదు అన్నడు."

"మల్ల?"

"మల్ల ఏంది. నాతోటి కాదని చెప్పి రైలెక్కిన. ఏడాదికి ఇచ్చిన మాట తప్పిన. అవ్వకు చెప్పకు."

అవ్వ వాడి వెనకే నిలబడి ఉంది.

ఖుతుబూ, సాయంత్రానికి ఆ మాట గల్లీ అంతా తెలిసిపోయింది. ముత్తయ్య తాత కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చి దేవరాజును ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "గా సావుకారి ఏమన్నడో మల్లొకపారి చెప్పు" అన్నాడు. వాడు చెప్పాడు. తాత కళ్లు మూసుకుని విన్నాడు. "ఇంకొకపారి" అన్నాడు. నలభై ఏళ్లుగా మిల్లు బట్ట ముందు మా బట్టను తీసిపారేసినవాళ్లనే చూశాం. పవర్లూమువాడే మా బట్టను ముందు పెట్టుకుని ఇంత మంచిగా చేయనక్కర లేదు అనడం మా జన్మలో మొదటిసారి విన్నాం. మా మేనత్త కూడా వచ్చి నాతో మాట్లాడింది.

కాబట్టి ధర తగ్గదు. దారం రంగు మారదు. ఒక్క పోగు కూడా పలచబడదు. నువ్వు సేఠ్ ముందు రెండు బట్టలనూ ఉతికించు, అబూ సాలెంను కూర్చోబెట్టి ఉతికించు, గంజి ఎక్కడికి పోతుందో ఆయనే చూస్తాడు. ఆ సాహుకారు మాటను కూడా ఉర్దూలో, ఒక్క ముక్క మార్చకుండా చెప్పు. అది విన్నాక కూడా అటు తిరిగితే తిరగనీ. ఆ బజారులో ఇంకో కొట్టు ఉండదా? మా బట్టను నకలు చేసేంత మంది ఉన్నప్పుడు కొనేవాళ్లు ఉండరా? ఈసారి మాత్రం నీ సెలవును ఎవరి దగ్గరా పెట్టకు. పండుగకు ఇంటికి రా.

ఇవాళ పొద్దున్నే దేవరాజు తన మగ్గం మీది చీర తీసి మడత పెట్టి అవ్వకు ఇచ్చాడు. సేఠ్ ఏం తేలుస్తాడని అడగలేదు. గుంటలోకి దిగి, "దుబాయ్ బట్ట వెడల్పు పాతదేనా అన్నా?" అన్నాడు.

పాతదేనన్నాను. పొద్దుటినుంచి రెండు మగ్గాలూ నడుస్తున్నాయి.

నీ
లింగమూర్తి